సువార్తమ్మ వెళ్ళని ప్రయాణం

శనివారం ఉదయం. ఇడ్లీ పాత్ర ఒక పొయ్యి మీద పెట్టి, రెండో పొయ్యి మీద చట్నీకి పల్లీలు వేయిస్తోంది నమ్రత. సెల్‌ఫోన్ స్పీకర్‌లో పెట్టి మైక్రోవేవ్ మీద ఆనించింది. అవతల మాట్లాడుతున్నది పద్మజ, పాస్టర్ గారి భార్య. అమెరికాలోని ఎడిసన్ ఊళ్ళో, వాళ్ళ తెలుగు క్రైస్తవ సంఘంలో ఏ పని మొదలు కావాలన్నా ముందు ఆవిడ ఫోన్ రావాల్సిందే.

"ప్రైజ్ ద లార్డ్ నమ్రతా! గుడ్ న్యూస్. పర్మిషన్ వచ్చేసింది. వచ్చే శనివారమే మన ఫస్ట్ విజిట్."

"దేనికక్కా పర్మిషన్?"

"అదేనమ్మా, కేర్ హోమ్ పరిచర్య. పెద్దవాళ్ళ దగ్గరికెళ్ళి నాలుగు పాటలు పాడి, ప్రార్థన చేసి, కాసేపు పక్కన కూర్చుని వద్దామనుకున్నాం కదా. మన చర్చికి పది నిమిషాలు కూడా లేదు. రూట్ ట్వంటీ సెవెన్ మీద ఎర్ర ఇటుకల బిల్డింగ్, ముందర పెద్ద ఫ్లాగ్ ఉంటుంది చూడు, అదే. అక్కడ మన ఇండియన్స్ కూడా కొంతమంది ఉన్నారట. తెలుగులో పాడినా పర్లేదన్నారు. లీడ్ నువ్వే పాడాలి."

పల్లీలు మాడుతున్నాయి. నమ్రత వాటినే చూస్తోంది గానీ గరిటె కదపలేదు.

"వింటున్నావా? ఇలాంటి పనంటే మీ అత్తగారికి ప్రాణం. ఆవిడే ఉంటే మనందరికంటే ముందు కారెక్కి కూర్చునేవారు. ఎలా ఉన్నారు బాపట్లలో?"

"బాగున్నారక్కా."

"మా అందరి వందనాలు చెప్పు."

"చెప్తాను."

ఫోన్ పెట్టేసి నమ్రత పొయ్యి ఆపేసింది. మాడిన పల్లీలను చెత్తబుట్టలో పారేసి, ఖాళీ మూకుడు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నమ్రత అత్తగారు సువార్తమ్మ బాపట్లలో లేదు. పద్మజ చెప్పిన ఆ ఎర్ర ఇటుకల భవనంలోనే, కింది అంతస్తులో, వరండా చివరి గదిలో ఉంది. ఏడు నెలలుగా అక్కడే ఉంది.

న్యాయంగా చెప్పుకోవాలంటే, ఆవిడను అక్కడ చేర్చడంలో కొడుకూ కోడలూ చేసిన ఘోరమేమీ లేదు. పోయిన నవంబరులో, శాండీ తుఫానుకు పోయిన కరెంటు తిరిగి వచ్చిన వారంలో, ఇంట్లో ఒక్కతే ఉండగా మెట్ల దగ్గర పడిపోయింది. కొడుకు రాజీవ్ ఆఫీసు నుంచి రైలు దిగి ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. అంతసేపూ ఆవిడ నేల మీదే ఉంది. పక్షవాతం అన్నారు. ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. మాట నెమ్మదించింది గానీ తెలివి మాత్రం నిక్షేపంగా ఉంది. పగలూ రాత్రీ పక్కన మనిషి ఉంటేనే ఇంటికి పంపుతామన్నారు ఆసుపత్రివాళ్ళు. వీళ్ళిద్దరికీ ఉద్యోగాలు, స్నానాల గది చూస్తే మేడ మీద. మరో దారి కనిపించలేదు. కొన్నాళ్ళే కదా అనుకుని చేర్చారు.

ఘోరం జరిగింది ఆ తర్వాతి ఆదివారం.

ఆ సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు ఇండియా వెళుతున్నా ముందు వారం వేదిక దగ్గరికి పిలిచి, తల మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. వెళ్ళిన మనిషి క్షేమంగా చేరాక ఇంట్లోవాళ్ళు లేచి సాక్ష్యం చెబుతారు. అందరూ స్తోత్రం అంటారు. ఆ ఆదివారం పార్కింగ్ లాట్‌లో కృష్ణకుమారి ఆంటీ ఎదురుపడి, "మీ అత్తగారేరమ్మా?" అని అడిగింది. అంతకు కొద్ది రోజుల ముందే ఈ ఆంటీ ఎవరి గురించో చెబుతూ, కన్నతల్లిని హోమ్‌లో పడేసి వీళ్ళు క్రూజ్‌లకెళ్తున్నారమ్మా అని నలుగురిలో చీదరించుకుంది. నమ్రత నోటికి వచ్చిన మాట ఇది: "ఇండియా వెళ్ళారాంటీ. సడన్‌గా, మా ఆడపడుచుకి బాగాలేదంటేనూ."

అక్కడితో ఆగినా సరిపోయేది. ఆంటీ ఆ కబురు నిమిషాల్లో పద్మజ చెవిన వేసింది. సాక్ష్యాల సమయంలో పద్మజ మైకు అందుకుని, "అమ్మగారిని మనకు చెప్పకుండానే పంపించేసింది నమ్రత. పోనీ, సాక్ష్యమన్నా చెప్పమనండి" అని నవ్వుతూ పిలిచింది. నమ్రత రాజీవ్ వైపు చూసింది. రాజీవ్ తల వంచుకున్నాడు. ఆమె నడుచుకుంటూ వెళ్ళి, మైకు పట్టుకుని, మా అత్తయ్యగారి ప్రయాణంలో దేవుడు తోడుగా ఉన్నాడు, క్షేమంగా చేర్చాడు అని చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు.

ఆ రోజు నుంచి ఇంట్లో అందరికీ అదే పాఠం. పన్నెండేళ్ళ కూతురు దేదీప్యకి కూడా. "ఎవరైనా అడిగితే నానమ్మ ఇండియాలో ఉందని చెప్పు" అంటే, ఆ పిల్ల, "బట్ షీ ఈజ్ రైట్ హియర్, మమ్మీ" అంది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, నానమ్మ దగ్గరికి వెళ్దామనీ అడగలేదు.

ఇక్కడ సువార్తమ్మ గురించి ఒక మాట చెప్పాలి. వయసులో ఉన్నప్పుడు ఆవిడ మిషన్‌లో బైబిల్ స్త్రీగా పనిచేసింది. తెల్లచీర కట్టుకుని, చంకన సంచీ, చేతిలో గొడుగుతో ఆసుపత్రి వార్డుల్లో మంచం మంచానికీ తిరిగి, రోగుల పక్కన కూర్చుని పాటలు పాడేది. అబద్ధం ఆవిడకు చేతకాదు. అమెరికా వచ్చాక కూడా అంతే. ఫోన్ మోగినప్పుడు నమ్రత చేతులూపి, "లేనని చెప్పండత్తయ్యా" అని గుసగుసలాడితే, ఆవిడ తాపీగా ఫోన్ తీసి, "ఉందమ్మా, ఇక్కడే ఉంది. లేనని చెప్పమంటోంది" అనేది. ఆ ఫోన్ల వల్ల నమ్రతకు ఇద్దరు స్నేహితురాళ్ళు దూరమయ్యారు. అప్పట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు వచ్చే శనివారం ఎవరైనా అడిగితే ఆవిడ ఏం చెబుతుందో నమ్రతకు తెలుసు.

రాజీవ్ మేడ దిగి వచ్చేసరికి ఇడ్లీలు చల్లారిపోయాయి. విషయం విని కుర్చీలో కూలబడ్డాడు.

"శనివారం అమ్మని బయటికి తీసుకెళ్తా. డే పాస్ ఇస్తారుగా. వీళ్ళొచ్చి వెళ్ళిపోయాక దింపేస్తా."

"ఈ నెల సరే. ప్రతి నెలా వస్తారు రాజీవ్."

"ప్రతి నెలా తీసుకెళ్తా."

"ఎన్నాళ్ళు?"

అతను ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుని, మింగడానికి మంచినీళ్ళు తాగాడు.

ఆదివారం సాయంత్రం ఇద్దరూ కేర్ హోమ్‌కు వెళ్ళారు. సువార్తమ్మ చక్రాల కుర్చీలో తలుపుకు ఎదురుగా కూర్చుని ఉంది. మామూలుగా కిటికీ వైపు తిరిగి ఉంటుంది. ఇవాళ ముఖం వెలిగిపోతోంది.

"అబ్బాయ్! ఫ్లూ రూలు తీసేసినట్టున్నారే. శనివారం మనవాళ్ళొస్తున్నారంట! నర్సు చెప్పింది. హాల్లో బోర్డు మీద కూడా పెట్టారంట, తెలుగు చర్చి అని."

ఫ్లూ రూలు రాజీవ్ కల్పించిందే. సంఘం నుంచి ఒక్కరూ రాలేదేమని తల్లి అడిగినప్పుడల్లా, ఇంట్లోవాళ్ళను తప్ప ఎవరినీ రానివ్వరమ్మా, ఫ్లూ సీజన్ అంటూ వచ్చాడు. చలికాలం పోయి చెట్లు చిగురించినా ఆ సీజన్ పోలేదు.

"నమ్రతా, నా తెల్లచీర తీసుకురామ్మా. క్లోజెట్‌లో కింది అరలో ఉంటుంది. తలకి కాస్త నూనె కూడా. ఈ అవతారంతో వాళ్ళ ముందు కూర్చుంటే ఏం బావుంటుంది?"

నమ్రత తల ఊపింది. రాజీవ్ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, శనివారం మనం బయటికెళ్దాం. బీచ్‌కి. నువ్వు సముద్రం చూసి చాలా రోజులైంది కదా."

"సముద్రమా? ఆ రోజేనా? ఆదివారం తీసుకెళ్ళు."

"ఆదివారం ట్రాఫిక్ ఉంటుందమ్మా. ఆల్రెడీ ప్లాన్ చేశా."

సువార్తమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. తర్వాత కోడలి ముఖంలోకి చూసింది. ఎన్ని వందల మంచాల పక్కన కూర్చున్న మనిషి! డాక్టరు చెప్పని జబ్బును బంధువుల ముఖాల్లో చదివిన మనిషి.

"ఏం దాస్తున్నారర్రా?"

రాజీవ్ కిటికీ దగ్గరికి వెళ్ళి తెర సర్దాడు.

"రాజీవూ, నిన్నే."

అప్పుడు చెప్పాడు. మొదట ఆంటీ గురించి, తర్వాత పద్మజ గురించి, ఎవరెవరివో తప్పులు ముందు చెప్పి, చివరికి సాక్ష్యం దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. మిగతాది నమ్రత చెప్పింది, గోడ వైపు చూస్తూ.

పక్క గదిలో టీవీలో ఎవరో పగలబడి నవ్వుతున్నారు.

"అయితే నేను ఇండియాలో ఉన్నానన్నమాట."

"అమ్మా..."

"ఉండు. నన్ను ఇక్కడ పెట్టినందుకు ఏనాడన్నా ఒక్క మాటన్నానా? మీరేం చేస్తారు, ఉద్యోగాలు మానుకుంటారా? నాకు తెలీదా? కానీ, ఒక్కరూ రాకపోతే నేనేమనుకున్నానో తెలుసా? ఎవరి మనసైనా కష్టపెట్టానేమో, అందుకే సంఘం నన్ను వదిలేసిందేమో అనుకున్నా. రోజూ పేరు పేరునా తలుచుకుని, క్షమించమని ప్రార్థన చేసుకున్నా."

నమ్రత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడిస్తే ఇంకా సిగ్గుచేటని పెదవి కొరుక్కుంది.

"కుష్టు ఆసుపత్రిలో పనిచేశాన్నేను. అక్కడ మనుషులుండేవాళ్ళు. వాళ్ళ ఊళ్ళో అడిగితే చచ్చిపోయారని చెప్పేవాళ్ళు ఇంట్లోవాళ్ళు. కర్మకాండలు కూడా చేసేసేవాళ్ళు. వీళ్ళేమో ఇక్కడ బతికే ఉండి, అన్నం తిని, పాట పాడేవాళ్ళు. నేను పక్కన కూర్చుంటే, నన్నొకసారి పేరు పెట్టి పిలువమ్మా అని అడిగేవాళ్ళు." ఆవిడ మాట తడబడింది. కుడి చేత్తో మూతి తుడుచుకుంది. "నాకేం రోగమని దాచార్రా నన్ను?"

రాజీవ్ కుర్చీ పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. ఆవిడ అతని తల మీద చెయ్యి వెయ్యలేదు. వేస్తుందేమోనని అతను చాలాసేపు చూశాడు.

చివరికి ఆవిడే అంది. "సరే. బీచూ వద్దు, ఏమీ వద్దు. శనివారం నేను ఈ గదిలోనే తలుపేసుకుని ఉంటా. పాట వినపడితే చాలు. నలుగురిలో మీ తల వంచను. ఇక వెళ్ళండి, చీకటి పడుతోంది."

కారు రూట్ ట్వంటీ సెవెన్ ఎక్కాక నమ్రతే మొదలుపెట్టింది.

"చెప్పేద్దాం రాజీవ్. పద్మజక్కకి ఫోన్ చేస్తా."

"ఏమని? చర్చిలో నిలబడి అబద్ధం సాక్ష్యం చెప్పానని చెప్తావా?"

"నేనొక్కదాన్నే చెప్పానా? నువ్వు తల వంచుకున్నావు. ఒక్కసారి వద్దని తల ఊపినా ఆగిపోయేదాన్ని."

"అంటే తప్పు నాదా?"

"నీదీ నాదీ అని పంచుకుంటే తగ్గుతుందా?"

అతను గట్టిగా బ్రేకు వేశాడు. ఎదురుగా ఎర్ర దీపం. అది పచ్చగా మారినా వెనక కారు హారన్ కొట్టేదాకా కదల్లేదు.

నమ్రత ఫోన్ చెయ్యలేదు. ఆ వారమంతా ఫోన్ తీయడం, పద్మజ నంబరు చూడడం, పెట్టేయడం. శుక్రవారం మాత్రం ఆఫీసు నుంచి వస్తూ తెల్లచీర, కొబ్బరినూనె సీసా తీసుకెళ్ళి సువార్తమ్మ మంచం మీద పెట్టింది.

"ఎందుకివి? తలుపేసుకునేదానికి చీరెందుకూ?" అంది ఆవిడ. అన్నదే గానీ, నూనె రాస్తుంటే వద్దనలేదు.

శనివారం మధ్యాహ్నం సంఘంవాళ్ళు మూడు కార్లలో దిగారు. కీబోర్డు, కంజీర, రెండు పెట్టెల కమలాపళ్ళు. కృష్ణకుమారి ఆంటీ ఇంట్లో చేసిన కేకు తెచ్చింది. హాల్లో అప్పటికే పదిహేను మంది దాకా పెద్దవాళ్ళను చక్రాల కుర్చీల్లో తెచ్చి వరసగా పెట్టారు. కొందరు నిద్రపోతున్నారు. ఒకామె ఎవరినో 'మేరీ, మేరీ' అని పిలుస్తోంది. ఎవరూ పలకడం లేదు.

"రాజీవ్ ఏడీ?" అంది పద్మజ.

"వస్తాడక్కా. లేటవుతుందన్నాడు."

రాజీవ్ అప్పటికే లోపల ఉన్నాడు, వరండా చివరి గదిలో, మూసిన తలుపు వెనక. నర్సుకు చీర కట్టడం రాదు. అతనికీ రాదు. ఇద్దరూ కలిసి నైటీ మీదే ఎలాగో చుట్టి, కొంగు భుజం మీద వేసి పిన్నీసు పెట్టారు. సువార్తమ్మ తలుపుకు ఎదురుగా కూర్చుంది. తల నున్నగా దువ్వుకుంది. ఒళ్ళో బైబిలుంది. మూసిన తలుపు వైపు చూస్తూ, అతిథుల కోసం ముందే తయారై కూర్చున్న మనిషిలా ఉంది.

హాల్లో పాట మొదలైంది. పాత కీర్తనే, సువార్తమ్మ ఈ ఊళ్ళో పిల్లలందరికీ నేర్పిందే. నమ్రత గొంతు పల్లవి దాకా బాగానే సాగింది. సువార్తమ్మ పెదవులు కదిలాయి. బాగున్న చెయ్యి కుర్చీ చేతి మీద తాళం వేసింది. రాజీవ్ అది చూస్తూ కూర్చున్నాడు. గొంతు మాత్రం బయటికి రానివ్వడం లేదు ఆవిడ. తన పాట తలుపు దాటితే కొడుకు పరువు పోతుందని నోరు నొక్కుకుంటోంది. డెబ్భై ఆరేళ్ళ మనిషి, ఎన్నో వార్డుల్లో గొంతెత్తి పాడిన మనిషి.

అతను లేచి తలుపు తీశాడు.

"ఏంట్రా? వద్దు. వెనక్కి తిప్పు, రాజీవూ!"

అతను వినలేదు. ఏం చెప్పాలో అతనికే తెలియదు. కుర్చీ తోసుకుంటూ వరండా పొడుగునా నడిచి హాలు గుమ్మంలో ఆగాడు.

నమ్రత మొదట చూసింది. పాట ఆగిపోయింది. కీబోర్డు ఇంకొంచెం దూరం ఒంటరిగా వెళ్ళి అదీ ఆగింది. తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి.

"అమ్మగారూ!" పద్మజ రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయింది. వంకర పోయిన మూతిని, ఒళ్ళో వాలిన ఎడమ చేతిని చూసింది. "ఇదేంటమ్మగారూ? ఎప్పుడొచ్చారు ఇండియా నుంచి?"

రాజీవ్ నోరు తెరిచాడు. కృష్ణకుమారి ఆంటీ కేకు కోసే చాకు చేతిలో పట్టుకుని అతన్నే చూస్తోంది. సువార్తమ్మ తలెత్తి కొడుకు ముఖం చూసింది.

"మొన్ననే వచ్చానమ్మా," అంది. "వచ్చాక పడిపోయా. ఎవరికీ చెప్పొద్దని నేనే అన్నాను."

ఆ మాట విని నమ్రత మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది. ఫోన్‌లో ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా అబద్ధం చెప్పని నోరు! ఈ ఇంట్లో అబద్ధమాడని మనిషి ఇంకా ఒక్కరైనా మిగిలారని తను ఇన్నాళ్ళూ లోలోపల ధైర్యంగా ఉంది. ఆ ఒక్కరి చేతా తామే అబద్ధం ఆడించారు.

"కాదక్కా," అంది. మైకులో ఆ మాట హాలంతా మోగింది. "మొన్న రాలేదు. అసలు అత్తయ్య ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ ఆదివారం నేను చెప్పిన సాక్ష్యం అబద్ధం. స్ట్రోక్ వచ్చింది. ఏడు నెలలుగా ఇక్కడే ఉన్నారు. మీరేమనుకుంటారోనని చెప్పలేదు. మీరెవరూ రావట్లేదేమని అత్తయ్య అడిగితే, మిమ్మల్ని రానివ్వరని ఆవిడకీ అబద్ధం చెప్పాం."

ఎవరూ స్తోత్రం అనలేదు. కృష్ణకుమారి ఆంటీ చాకు బల్ల మీద పెట్టి, హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచింది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు వెళ్ళారు.

పద్మజ వెళ్ళలేదు. అలాగని నమ్రతను దగ్గరికీ తీసుకోలేదు. ఒక కుర్చీ లాక్కుని సువార్తమ్మ ఎదురుగా కూర్చుంది.

"ప్రతి వారం వందనాలు చెప్పమన్నాను అమ్మగారూ," అంది మెల్లగా. "ఒక్కసారన్నా మీ నంబరు అడగలేదు. అడిగుంటే ఆ రోజే తెలిసిపోయేది."

సువార్తమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. అప్పటికి నమ్రత వచ్చి కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూలబడింది. ఇక ఆపుకోలేక, ముసలామె ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. నైటీ మీద చుట్టిన తెల్లచీర తడిసిపోయింది.

"బతుకులో ఒక్క అబద్ధం ఆడానే తల్లీ," అంది సువార్తమ్మ, ఆమె తల మీద చెయ్యి వేసి. "అదన్నా నిలబడనిచ్చావు కాదు."

"నన్ను క్షమించండత్తయ్యా."

"చూద్దాంలే. అదంతా ఒక్క రోజులో పోయేది కాదు." ఆవిడ కళ్ళూ తడిగానే ఉన్నాయి. "లే ముందు. పాట మధ్యలో ఆపకూడదు. ఈ పెద్దవాళ్ళందరూ కూర్చునున్నారు పాపం."

నమ్రత లేవలేకపోయింది. సువార్తమ్మే పాట ఎత్తుకుంది, వంకర మూతితో, సగం మాటలు చెదిరిపోతూ. రాజీవ్ వెనక నిలబడి కుర్చీ పిడులు పట్టుకుని, చిన్నప్పుడు నేర్చుకున్న చరణం అందుకున్నాడు. తర్వాత పద్మజ, తర్వాత మిగిలినవాళ్ళు. శ్రావ్యంగా ఏమీ లేదు ఆ పాట. ఎలాగో చివరిదాకా వెళ్ళింది.

నాలుగు గంటలకు అందరూ బయల్దేరారు. సువార్తమ్మను ఇంటికి తీసుకెళ్ళే వీలు ఆ రోజూ లేదు, మరునాడూ ఉండదు. ఆ సంగతి అందరికంటే ఆవిడకే బాగా తెలుసు. గుమ్మం దాకా కుర్చీలో వచ్చి, పద్మజ కొంగు పట్టుకుని ఆపింది.

"రేపు ఆరాధనలో ప్రార్థన చేసేటప్పుడు నా పేరు కూడా చెప్పమ్మా."

"తప్పకుండా అమ్మగారూ."

సువార్తమ్మ కొంగు వదల్లేదు.

"ఎక్కడున్నానో కూడా చెప్పు."